సీనియారిటీ ప్రకారం గోలు

కుళ్లాయప్ప సారును ఫుట్‌బాల్ జట్టు మేనేజరుగా నియమిస్తూ వచ్చిన ఉత్తర్వులో పద్నాలుగు బాధ్యతలు, ఒక అధికారం ఉన్నాయి. బాధ్యతల్లో వలలకు చిల్లులు పడకుండా చూడడం ఎనిమిదోది. జట్టును గెలిపించడం తొమ్మిదోది. అధికారం ఒక్కటే: జట్టు సభ్యులకు క్యాజువల్ లీవు మంజూరు చేయవచ్చు.

ఆ ఉత్తర్వు టైపు చేసింది నేనే. రాష్ట్ర గోనెసంచుల సేకరణ, మరమ్మతు, పంపిణీ సంస్థ జిల్లా కార్యాలయంలో ఆటల సెక్షను అంటే ఒక బీరువా, ఒక కుర్చీ, నేను. మ్యాచ్ ఉన్న రోజు నోటుపుస్తకం పట్టుకుని మైదానం పక్కన కూర్చోవాలి. ఏ నిమిషంలో ఏం జరిగిందో రాయాలి. ఆట గురించి నాకేమీ తెలియదని చేరిన రోజే చెప్పాను. అందుకే నన్ను అక్కడ వేశారట. తెలిసినవాళ్లైతే అభిప్రాయాలు కూడా రాస్తారని భయం.

కుళ్లాయప్ప సారు ఇరవై ఒకటో ఏట క్రీడల కోటాలో చేరాడు. జిల్లా లీగ్ రెండో డివిజన్‌లో మా జట్టుకు ఎడమవైపు బ్యాకు. మొదటి మ్యాచ్ రోజు అప్పటి మేనేజరు ఆయన్ను పిలిచి, "నీది ఈ సగం. నడిమి గీత దాటద్దు" అన్నాడట. ఆ మేనేజరు బదిలీ అయ్యాడు, తర్వాత రిటైరయ్యాడు, తర్వాత కాలం చేశాడు. మాట మాత్రం రద్దు కాలేదు. పంతొమ్మిదేళ్లు, రెండు వందల అరవై ఒక్క మ్యాచ్‌లు. కుళ్లాయప్ప సారు గీత దాటలేదు. సర్వీసు రిజిస్టరులో క్రీడాకారులకు "గోల్స్" అని ఒక గడి ఉంటుంది. ఆయన పేజీలో ఏటా ఆ గడిలో సున్నా చుట్టడం నా పనుల్లో ఒకటి.

"ఎప్పుడూ దాటాలనిపించలేదా సార్?" అని ఒకసారి అడిగాను.

"రొండు మూడు తూర్లు అనిపిచ్చిందిమ్మా. అయితే దాటమని ఎవురూ చెప్పల్యా" అన్నాడు.

నలభయ్యో ఏట మోకాలు చెడింది. మేనేజరును చేశారు.

గోదాము వెనకున్న మైదానమే ఆయనకు ఇల్లు. పొద్దున అందరికంటే ముందు వచ్చి రాళ్లు ఏరేవాడు. గోలు స్తంభాలకు పసుపురంగు కొట్టేవాడు. ఊళ్లో మమ్మల్ని "సంచులోళ్లు" అనేవారు. రెండో డివిజన్‌లో పది జట్లుంటే మాది ఎనిమిదో తొమ్మిదో. అంతకంటే పైకి ఎప్పుడూ పోలేదు, అంతకంటే కిందికీ పోలేదు. పైకైనా కిందికైనా పోయే అవకాశం కుళ్లాయప్ప సారు మేనేజరయ్యాకే వచ్చింది. ఎందుకంటే ఆయన మంచి మేనేజరు.

ఒకరోజు మేక ఒకటి గోదాములో దూరి గోనెసంచులు నమలసాగింది. వాచ్‌మన్ ఓబుళేసు దాన్ని తరిమాడు. మేక మైదానంలోకి దూకింది. ఓబుళేసు వెంటపడ్డాడు. మేక కుడికి తిరిగితే కుడికి, ఎడమకు తిరిగితే ఎడమకు తిరిగి, రెండో గోలు స్తంభం దగ్గర దాని కాలు పట్టుకున్నాడు. ఇరవై నాలుగేళ్లవాడు, జట్టులో అందరికంటే చిన్నవాడు, అప్పటిదాకా ఎప్పుడూ బరిలో దిగనివాడు. కుళ్లాయప్ప సారు చేతిలో రాళ్లు చేతిలోనే ఉండిపోయాయి.

"మేకను పట్టినోడు బాలును పట్టలేడా?" అన్నాడు నాతో.

అప్పటిదాకా మా సెంటర్ ఫార్వర్డు సూపరింటెండెంటు నరసోజీరావు గారు. వయసు యాభై ఏడు. ఇరవై రెండేళ్లుగా మెడపట్టీలో చేతిరుమాలు దోపుకుని ఎదుటి గోలు ముందు నిలబడుతున్నారు. మొత్తం నాలుగు గోల్సు చేశారు. అందులో రెండు, ఆయన వేరే వైపు చూస్తున్నప్పుడు తగిలి వెళ్లినవి. కుళ్లాయప్ప సారు ఆయన్ను గౌరవంగా కుర్చీలో కూర్చోబెట్టి, ఆ స్థానంలో ఓబుళేసును దించాడు. రెండు మ్యాచ్‌ల్లో మూడు గోల్సు. రెండూ గెలిచాం. లీగ్ పట్టికలో మూడో స్థానం.

మూడో రోజు నరసోజీరావు గారి విజ్ఞాపన పదకొండు పేజీలు వచ్చింది.

పరిపాలనాధికారి వేదాచలం గారు ఇద్దర్నీ పిలిపించారు. నేను ఫైలు పట్టుకుని మూల నిలబడ్డాను.

"ఓబుళేసును ముందుకు పంపడానికి ప్రాతిపదిక ఏమిటి?" అన్నారు వేదాచలం గారు.

"బాగా పరిగెత్తుతాడు సార్."

"పరుగు అర్హతగా ఏ ఉత్తర్వులోనైనా పేర్కొనబడిందా?"

"ఫుట్‌బాల్ కద సార్..."

"ఫుట్‌బాల్ అన్నది విషయం. నేను ప్రాతిపదిక అడుగుతున్నాను."

కుళ్లాయప్ప సారు నా వైపు చూశాడు. నేను ఫైలు వైపు చూశాను.

వేదాచలం గారు కళ్లజోడు తీసి, తుడిచి, పెట్టుకున్నారు. "క్రమంగా చూద్దాం. మన నిబంధనల ప్రకారం గోలు చేసిన ఉద్యోగికి పదోన్నతి జాబితాలో ఒక అదనపు మార్కు వస్తుంది. అవునా? అనగా గోలు చేయగల స్థానం పదోన్నతికి దారితీసే స్థానం. పదోన్నతికి దారితీసే ఏ స్థానాన్నైనా సీనియారిటీ ప్రకారమే భర్తీ చేయాలి. అనగా ముందువరుస సీనియర్లది. ఇందులో తప్పెక్కడుందో చెప్పండి."

కుళ్లాయప్ప సారు వేళ్లు మడిచి లెక్క చూసుకున్నాడు. "తప్పు యాడుందో కనపడల్యా సార్. అయితే ఏదో ఉంది."

"ఏదో అన్నదానిపై చర్య తీసుకోలేం" అన్నారు వేదాచలం గారు.

బయటికి వచ్చాక నరసోజీరావు గారు కుళ్లాయప్ప సారు భుజం మీద చెయ్యి వేశారు. "నామీద కోపం పెట్టుకోవద్దప్పా. నాకేం పరిగెత్తల్లని సరదానా? నేను పక్కకు జరిగితే నా వెనకోడు ఏమనుకుంటాడు? ఆయప్ప వెనకోడు ఏమనుకుంటాడు? ముప్పై నాలుగేండ్ల నుంచి లైన్లో నిలబడినాను. ముందుకు వచ్చినాక లైనే ల్యాదంటే ఎట్ల?"

"నాకు అర్థమవుతాది సార్. నేనూ గీత దాటనోణ్నే" అన్నాడు కుళ్లాయప్ప సారు.

ఉత్తర్వు వెలువడింది. అత్యంత సీనియర్లు ముగ్గురు ముందువరుస. ఆ తర్వాతి ముగ్గురు హాఫ్‌లు. ఆ తర్వాతి నలుగురు బ్యాకులు. అందరికంటే జూనియరు గోల్‌కీపరు. అంటే ఓబుళేసు. చేతులు వాడే వెసులుబాటు ఉన్నందున అది తేలికపాటి పోస్టనీ, కొత్తవారికి తగినదనీ కింద వివరణ ఉంది. గోల్సు కూడా వంతుల ప్రకారం: మొదటి గోలు నరసోజీరావు గారిది, అది పడితే రెండోది తర్వాతివారిది, అలా కిందికి. ఓబుళేసు వంతు పదకొండోది.

"ఒక మ్యాచ్‌లో పదకొండు గోల్సు యాడన్నా పడతాయా సామీ?" అన్నాడు ఓబుళేసు చేతి తొడుగులు వేసుకుంటూ.

"వంతు మ్యాచ్‌కు కాదు నాయనా, సర్వీసుకు" అన్నాడు కుళ్లాయప్ప సారు.

ఆ తర్వాత మూడు మ్యాచ్‌లు ఓడాం. నాలుగోది నీటి సరఫరా వాళ్లతో. నలభయ్యో నిమిషంలో రికార్డుల గది తిక్కస్వామి మోకాలికి బంతి తగిలి గోల్లోకి పోయింది. తిక్కస్వామి హాఫ్. సీనియారిటీలో అయిదోవాడు. మైదానంలో ఎవరూ కేక వేయలేదు. తిక్కస్వామి రెండు చేతులూ పైకెత్తాడు, సంతోషంతో కాదు, నేను కాదన్నట్టు. ఆ ఒక్క గోలుతోనే మ్యాచ్ గెలిచాం.

మర్నాడే మెమో వచ్చింది. వంతు రాకుండా గోలు చేసినందుకు మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. తిక్కస్వామి ఇచ్చాడు: "బంతి నా మోకాలి వద్దకు తనంతట తానే వచ్చినది. నేను దానిని పిలవలేదు. గోలు దిశ గురించి నాకు ముందస్తు సమాచారం లేదు. ఇకమీదట బంతి కనిపించిన యెడల దూరంగా ఉండగలనని హామీ ఇస్తున్నాను."

సంజాయిషీ తృప్తికరంగా ఉందని ఫైలులో రాశారు. గోలు మాత్రం క్రమవిరుద్ధమే గనక దాన్ని వాపసు తీసుకోవాలని లీగ్ కార్యాలయానికి ఉత్తరం పోయింది. లీగ్ కార్యదర్శి ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదివాడట. గోలు కావాలని కొట్టుకున్నవాళ్లను చూశాడు గానీ, వద్దని అర్జీ పెట్టుకున్నవాళ్లను ఇంతకుముందు చూడలేదు. వెంటనే ఒప్పుకున్నాడు. మా గెలుపు డ్రా అయింది. వేదాచలం గారు ఆ జవాబును అద్దాల బీరువాలో పెట్టించారు.

ఇంతలో ఓబుళేసు ఇంకో తప్పు చేశాడు. గోలు దగ్గర బంతి పట్టుకుని, ఎదుటి గోలు ముందు ఖాళీగా నిలబడి ఉన్న నరసోజీరావు గారిని చూశాడు. ఒక్క తన్ను తన్నాడు. బంతి అందరి తలల మీదుగా వెళ్లి ఆయన పాదాల ముందు పడింది. ఆయన ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశారు. బంతి పోయింది, మ్యాచూ పోయింది. అయితే ఫిర్యాదు చేసింది ఆయన కాదు, మధ్యలో ఉన్న ఏడుగురు. తమ పైనుంచి పోయిందని.

"అట్టడుగు ఉద్యోగి మధ్య అంచెలను దాటవేసి ఉన్నతాధికారితో నేరుగా వ్యవహరించడం!" అన్నారు వేదాచలం గారు. "రేపు ఇతడే ఎండీ గారికి నేరుగా ఉత్తరం రాస్తాడు."

బంతి ఇకపై ప్రాపర్ ఛానెల్‌లోనే కదలాలని సర్క్యులరు వచ్చింది. కీపరు నుంచి బ్యాకుకు, బ్యాకు నుంచి హాఫుకు, హాఫు నుంచి ఫార్వర్డుకు. ఏ అంచెనూ దాటవేయరాదు. పై అంచెవారు బంతిని పరిశీలించి, అవసరమనుకుంటే కిందికి తిప్పి పంపవచ్చు. నరసోజీరావు గారు ఆ వెసులుబాటును బాగా వాడుకున్నారు. నలుగురు తిప్పలు పడి ఆయన దాకా తెచ్చిన బంతిని ఒకసారి చూసి, నెమ్మదిగా వెనక్కి తన్నేవారు. అది కూడా అంచెలవారీగా ఓబుళేసు దాకా వచ్చేది.

గట్టు మీద కూర్చున్నవాళ్లు అరిచేవాళ్లు. "రేయ్, బాలుకు ఇన్‌వర్డు నంబరు వేసినారా?" "సారు సంతకం కావల్లంట, సోమారం రమ్మను!" కుళ్లాయప్ప సారు ఆ మాటలకు తల తిప్పేవాడు కాదు. ఆయన చూపు ఎడమవైపు గీత పక్కనే ఉండేది. అక్కడ ఇనుప స్తంభాలు దించి ఉన్నాయి.

ఆ స్తంభాల కథ ఇది. జట్టు మూడో డివిజన్‌కు పడిపోతే దాన్ని రద్దు చేసి, మైదానం మీద రేకుల షెడ్డు వేసి, చినిగిన సంచులు నిల్వ చేయాలని బోర్డు తీర్మానించింది. పడిపోతుందని నమ్మకం కలగగానే స్తంభాలు ముందే పంపింది. డిసెంబరు నాటికి మేం అట్టడుగున ఉన్నాం. మిగిలింది ఒక్క మ్యాచ్, డెయిరీ జట్టుతో. గెలిస్తే నిలుస్తాం. డ్రా అయినా పోతాం.

"షెడ్డు వేసినా ఈ మూలన కొంచెం జాగా మిగుల్తాదేమోమ్మా" అన్నాడు కుళ్లాయప్ప సారు ఒక సాయంత్రం, స్తంభాల మధ్య నడుస్తూ. ఎడమ బ్యాకు నిలబడే మూల అది. నేను ప్లాను చూశాను. ఆ మూలలో మరుగుదొడ్డి వస్తుంది. చెప్పలేదు.

మ్యాచ్ డిసెంబరు ముప్పై ఒకటి, మధ్యాహ్నం ఒంటిగంటకు. నిబంధనలు అమలవుతున్నాయో లేదో చూడడానికి వేదాచలం గారు స్వయంగా వచ్చారు. గొడుగు కింద కుర్చీ, ఒళ్లో ఫైలు, చేతిలో పెన్సిలు. మొదటి సగంలో ఏమీ కాలేదు. మా బంతి ప్రాపర్ ఛానెల్‌లో తిరిగింది. డెయిరీ వాళ్లు తన్నినవాటిని ఓబుళేసు పట్టుకున్నాడు. సున్నా, సున్నా.

ఒకటీ నలభై అయిదుకు విరామం. అందరూ ఇనుప స్తంభాల మీద కూర్చున్నారు. నరసోజీరావు గారు ముఖం తుడుచుకుని గట్టిగా నిట్టూర్చారు.

"మైదానం గురించా సార్?" అన్నాడు తిక్కస్వామి.

"అదీ ఉందిలే. నా బాధ వేరే. ఈ దినంతో నా అర సీఎల్ మురిగిపోతాది. ముప్పై నాలుగేండ్లలో ఒక్క పూట సీఎల్ మురగబెట్టినోణ్ని కాదు నేను."

"నాదీ అర ఉంది సార్."

"నాకు ఒకటిన్నర."

ప్రాక్టీసు కోసమని డిసెంబరంతా ఎవరూ లీవు పెట్టలేదు. వాడుకోని క్యాజువల్ లీవు ఆ రాత్రితో చెల్లదు. మా సంస్థలో మనిషి పోతే పది రోజులు బాధపడతారు, సీఎల్ పోతే ఏడాదంతా తలుచుకుంటారు. పది మందీ తలలు వంచుకున్నారు.

కుళ్లాయప్ప సారు ఒక్కడే తల ఎత్తాడు. నా దగ్గరికి వచ్చి చిన్నగా అడిగాడు. "మ్మా, ఒకాయన లీవు పెడితే ఆయప్ప పని ఎవురు చూస్తారు?"

"తర్వాతి జూనియరు సార్. పూర్తి అదనపు బాధ్యతలతో ఇన్‌ఛార్జి."

"ఆయప్పా పెడితే?"

"ఆ తర్వాతి వాళ్లు."

"అందురూ పెడితే?"

ఇద్దరం ఓబుళేసు వైపు చూశాం. వాడు చేతి తొడుగుల్లోంచి వేరుశనక్కాయలు తీసి తింటున్నాడు.

"రావు సార్, మీ సీఎల్ నేను మురగనీను" అన్నాడు కుళ్లాయప్ప సారు. "మధ్యాహ్నం పూట రొండు గంటల నుంచి కద? ఇప్పుడే రాసియ్యండి."

నరసోజీరావు గారి ముఖం అలా వెలగడం నేను అంతకుముందు చూడలేదు. నా నోటుపుస్తకంలోంచి పది కాగితాలు చింపాను. పది మందీ ఒకరి వీపు మీద ఒకరు పెట్టుకుని రాశారు. కారణం అందరిదీ ఒకటే: స్వంత పనులు. కుళ్లాయప్ప సారు తనకున్న ఒకే ఒక అధికారాన్ని పదిసార్లు వాడాడు. ఆఖరి సంతకం అయ్యేసరికి ఒకటీ యాభై ఎనిమిది.

వేదాచలం గారు గొడుగు కిందినుంచి లేచి వచ్చారు. "ఇదేమిటి?"

"లీవులు సార్. నా అధికారంలో ఉన్నదే."

"అయితే వీరు మైదానం విడిచి వెళ్లాలి గదా!"

"హెడ్‌క్వార్టర్స్ విడిచి పోతామని ఎవురూ పర్మిషన్ అడగల్యా సార్. ఈడనే ఉంటారు."

వేదాచలం గారు పది కాగితాలూ చదివారు. తేదీ చూశారు, పూట చూశారు, సంతకం చూశారు. పెదవులు కదిపారు. ఆఖరికి, "క్రమబద్ధమే" అన్నారు. ఆ మాట అనేటప్పుడు ఆయనకు ఏదో నొప్పి పుట్టినట్టు అనిపించింది.

రిఫరీ ఒక స్కూల్లో డ్రిల్లు మాస్టరు. "మైదానంలో ఏడుమందికి తగ్గగూడదు, అంతే. ఉన్నోళ్లు ఆడి తీరల్లని నా బుక్కులో ల్యాదు" అని విజిల్ వేశాడు.

బరిలోకి పోయేముందు కుళ్లాయప్ప సారు ఆ పది మందికి ఒక మాట చెప్పాడు. "లీవులో ఉన్నోళ్లు యాడ నిలబడాల్లో చెప్పడానికి నాకు హక్కు ల్యాదు. అయితే మన గోలు ముందర నీడ బాగుంటాది."

పది మందీ వెళ్లి మా గోలు ముందు గుమిగూడారు. చేతులు వెనక్కి కట్టుకుని, కొత్త ఏడాది క్యాలెండరు ఏ బట్టల అంగడిది బాగుంటుందో మాట్లాడుకోసాగారు. మిగతా మైదానమంతా ఓబుళేసు, డెయిరీ వాళ్లు పదకొండు మంది.

డెయిరీ కెప్టెన్ దగ్గరికి వచ్చి చూశాడు. "ఏం రావు సార్, ధర్నానా?"

"లీవప్పా" అన్నారు నరసోజీరావు గారు.

"మరి బాలు వస్తే?"

"ఆఫీసు పని. నేను చూడకూడదు."

డెయిరీ వాళ్లు తన్నారు. బంతి తిక్కస్వామి వీపుకు తగిలి వెనక్కి పోయింది. "నేను తన్నల్యా, అదే వచ్చి తగిలింది" అన్నాడు తిక్కస్వామి తిరిగి చూడకుండా. మళ్లీ తన్నారు. ఎవరి తొడకో తగిలింది. పదిసార్లు తన్నారు. పది మంది మధ్య సందు లేదు. క్యాలెండర్ల మీద వాదం ముదిరి ఇంకా దగ్గరికి జరిగారు. పక్కకు జారిన బంతినల్లా ఓబుళేసు పట్టుకుని పరుగు తీశాడు. మొదటిసారి నలుగురిని దాటి పడ్డాడు. రెండోసారి అయిదుగురిని. మూడోసారి ఆయాసపడి నిలబడిపోయాడు. గట్టు మీదివాళ్లు ఎగతాళి మానేశారు. ఎనభయ్యో నిమిషం అయింది. సున్నా, సున్నా.

కుళ్లాయప్ప సారు గీత పక్కన నడుస్తూ, "మేక రా! మేక అనుకో!" అని ఒక్కసారి అరిచాడు.

ఎనభై ఆరో నిమిషంలో నరసోజీరావు గారి కడుపుకు తగిలిన బంతి ఓబుళేసు కాళ్ల దగ్గర పడింది. వాడు బయల్దేరాడు. వేదాచలం గారు లేచి నిలబడి ఫైలు తెరిచారు.

"కీపరు నుంచి బ్యాకుకు... అందింది" అని పెన్సిలుతో టిక్కు పెట్టారు. బ్యాకు ఇన్‌ఛార్జి ఓబుళేసే. "బ్యాకు నుంచి హాఫుకు... అందింది." హాఫు ఇన్‌ఛార్జీ ఓబుళేసే. ఏ అంచె దాటలేదు. ఒకడు కుడినుంచి వచ్చాడు, ఓబుళేసు ఎడమకు తిరిగాడు. ఇద్దరు ఎడమనుంచి వచ్చారు, వాళ్ల మధ్యలోంచి పోయాడు. గీత పక్కన కుంటుతూ వెంట పరిగెత్తుతున్న కుళ్లాయప్ప సారు నడిమి గీత దగ్గరికి రాగానే టక్కున ఆగిపోయాడు. ఆడుతున్నది తాను కాదని కూడా గుర్తు రాలేదు. అక్కడే నిలబడి మెడ సాచి చూశాడు.

"హాఫు నుంచి ఫార్వర్డుకు... అందింది" అన్నారు వేదాచలం గారు. తర్వాత పెన్సిలు చేతిలోంచి జారిపోయింది. "కొట్టరా!" అని కేక వేశారు. ఆ కేక నేను నోటుపుస్తకంలో రాయలేదు. నిబంధనల్లో లేదు.

బంతి గోల్లో పడింది. నరసోజీరావు గారి వంతును నరసోజీరావు గారి ఇన్‌ఛార్జి సక్రమంగా నెరవేర్చాడు. గట్టు మీదివాళ్లు దూకి వచ్చారు. లీవులో ఉన్న పది మందీ కౌగిలించుకున్నారు; అది స్వంత పని కిందికే వస్తుంది. కుళ్లాయప్ప సారు నడిమి గీత దగ్గరే చతికిలబడి, మోకాలు పట్టుకుని, నవ్వుతూ ఏడ్చాడు.

ఇన్‌ఛార్జి కాలంలో చేసిన గోలుకు పదోన్నతి మార్కు వర్తించదని వేదాచలం గారు అప్పటికప్పుడే తేల్చారు. "మార్కు వద్దు సార్. నాకు గోల్‌కీపరు పని తప్పిస్తే చాలు" అన్నాడు ఓబుళేసు.

రెండో డివిజన్‌లో నిలిచాం. సంక్రాంతి సెలవులు కూడా రాకముందే పై కార్యాలయం నుంచి అభినందన వచ్చింది. రెండో పేరా ఇలా ఉంది: "పదకొండు మంది నిర్వహించవలసిన విధులను ఒకే ఉద్యోగి పూర్తి అదనపు బాధ్యతలతో నిర్వహించి, అంతకుముందు పదకొండు మందికీ సాధ్యం కాని ఫలితం సాధించినట్లు రికార్డుల వల్ల రూఢి అగుచున్నది. కావున మిగతా పది పోస్టులు అవసరానికి మించినవిగా పరిగణించి రద్దు చేయడమైనది."

ఆ పది మంది ఆఫీసు పోస్టులు కూడా జట్టు కోటాకు ముడిపడినవేనని ఎవరో కనిపెట్టారు. అవీ పోయాయి. మా జట్టు ఇప్పుడు ఓబుళేసు ఒక్కడే. పోటీ సమంగా ఉండాలి గనక ఎదుటి జట్లు కూడా ఒక్కొక్కరినే దించాలని లీగ్‌కు ఉత్తరం రాశాం. అది వాళ్ల పరిశీలనలో ఉంది. తేలేదాకా మమ్మల్ని ఏ డివిజన్‌కూ దించడానికి వీల్లేదు.

పోస్టులు పోయినవాళ్లకు జీతాలు పోలేదు. కొత్త పోస్టింగ్ వచ్చేదాకా రోజూ రెండు పూటలా హాజరు వేయాలి. అయితే పోస్టు లేనివాళ్లకు ఆఫీసులో కుర్చీ ఇవ్వకూడదు. ఎక్కడ వేయాలి? వేదాచలం గారు నాలుగు రోజులు ఆలోచించి, మైదానంలో అన్నారు. హాజరు వేసే చోట షెడ్డు కట్టాలంటే సిబ్బందికి వేరే చోటు చూపాలి. వేరే చోటు చూపాలంటే పోస్టింగ్ ఇవ్వాలి. పోస్టింగ్ ఇవ్వాలంటే పోస్టులుండాలి. ఇనుప స్తంభాలను లారీ వచ్చి పక్క జిల్లాకు తీసుకుపోయింది.

పొద్దున సంతకం పెట్టి, సాయంత్రం సంతకం దాకా పది మందీ ఏం చేస్తారు? ఆడతారు. ఓబుళేసు, మోకాలికి గుడ్డ కట్టుకున్న కుళ్లాయప్ప సారు కలిస్తే పన్నెండు మంది. ఆరుగురు అటు, ఆరుగురు ఇటు. పోస్టు లేనివాళ్లకు సీనియారిటీ ఉండదు. బంతి ఎవరి దగ్గర్నుంచి ఎవరి దగ్గరికైనా పోతుంది. తిక్కస్వామి మోకాలితో, తలతో, ఒకసారి పొరపాటున ముక్కుతో కూడా గోల్సు చేశాడు. నరసోజీరావు గారు గోల్‌కీపరుగా నిలబడతానని అడిగి మరీ నిలబడుతున్నారు. అక్కడైతే ఎవరూ పరిగెత్తమనరట.

ఒక సాయంత్రం ఆయన బంతి పట్టుకుని దూరంగా తన్నారు. అది కుళ్లాయప్ప సారు ముందు పడింది. ఎదురుగా ఎవరూ లేరు. ఆయన బంతిని నడిపించుకుంటూ వచ్చి, నడిమి గీత దగ్గర ఆగిపోయాడు.

"ఏంటికప్పా నిలబడినావు?" అని నరసోజీరావు గారు గోల్లోంచి అరిచారు. "పో ముందుకు! మనకి పోస్టులే ల్యావు, ఇంక గీతలెవురివి?"

కుళ్లాయప్ప సారు గీత వైపు చూశాడు. దాన్ని ఆ పొద్దునే సున్నంతో ఆయనే గీశాడు. ఎడమ పాదం ఎత్తి, తడిసిపోతుందేమోనన్నట్టు, అవతల పెట్టాడు. ఏమీ కాలేదు. ఇంకో అడుగు వేశాడు. అప్పుడు కుంటుతూ పరిగెత్తాడు. అటువైపు గోలు ముందున్న ఓబుళేసు పట్టుకోగలిగేవాడే. అదేమిటో, ఆ క్షణంలో వంగి బూటు తాడు కట్టుకుంటున్నాడు.

బంతి వలలో పడింది. ఎనిమిదో బాధ్యత ప్రకారం ఆ వలకు చిల్లు లేదు.

కుళ్లాయప్ప సారు ఆయాసంతో నా దగ్గరికి వచ్చాడు. నేను అలవాటు కొద్దీ పెన్ను తీసి, నిమిషం చూసుకుంటున్నాను. ఆయన నా నోటుపుస్తకం మీద అరచెయ్యి పెట్టాడు.

"రాయద్దుమ్మా. రాస్తే దీనిగ్గూడా ఒక రూలొస్తాది."

పుస్తకం మూసేశాను. ఏడాది ఆఖరున సర్వీసు రిజిస్టరు ముందు పెట్టుకుని, ఆయన పేజీ తీసి, గోల్స్ గడిలో ఎప్పటిలాగే సున్నా చుట్టాను. ఈసారి కొంచెం పెద్దది చుట్టాను.